అల్పశక్తి విశ్వకణములును సూర్యుని పదునొకండేండ్ల చక్రమును: బోధన్ చెరకునేల నుండి ఒక పరిశీలన

కొన్ని యేండ్ల క్రిందట నిజామాబాదు పట్టణమున ఉపాధ్యాయుల సమావేశమొకటి జరిగినది. శాస్త్రపాఠములలోని తెలుగునుగూర్చి ప్రసంగింపవలసినదిగా మమ్ము పిలిచిరి. సుబోధమైన వాక్యమునకు ఉదాహరణముగా మేము నల్లబల్లపై ఇట్లు వ్రాసితిమి: "సూర్యునిపై మచ్చలు పెరిగినపుడు భూమికి వచ్చు విశ్వకిరణములు తగ్గును." వాక్యము చిన్నది, అన్వయము సుఖముగా నున్నది, పిల్లవానిని బెదరగొట్టు పదమొక్కటియు లేదు. సభ ముగియుచుండగా బోధన్ ప్రక్క పల్లెలో పనిచేయు పెద్ద పంతులుగారొకరు లేచి, "సారూ, తగ్గుతయంటిరి. మా చెరుకు పొలాల మీద ఎంత తగ్గుతయి?" అని అడిగిరి. మేము "చాల తగ్గును" అని చెప్పి కూర్చుంటిమి. ఆ సమాధానము తప్పు. అది తప్పని మాకు తెలియుటకు రెండేండ్లు పట్టినది. ఈ వ్యాసము ఆ పంతులుగారికి ఆలస్యముగా నిచ్చు జవాబు.

తెలుగు శాఖవారి పత్రికలో ఈ విషయమేల యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. మేము పరిభాషను పరిశోధించువారమే కాని భౌతికశాస్త్రజ్ఞులము కాము. అయినను మా తప్పునకు మూలము గణితములో లేదు. 'కిరణము' అను మాటలో నున్నది. మాట మీద మాకు గల నమ్మకమే మమ్ము తప్పుదారి పట్టించినది. కావున ఆ మాటతోనే ప్రారంభించుచున్నాము.

1912 ఆగస్టు 7వ తేదీన ఆస్ట్రియా దేశీయుడగు విక్టర్ హెస్ బెలూనులో ఐదువేల మీటర్లకు పైగా ఎగిరి, పైకి పోవుకొలది గాలిని విద్యుద్వాహకముగా చేయు ప్రసరణ యేదో హెచ్చుచున్నదని కనుగొనెను. ఆ ప్రసరణము భూమినుండి పుట్టినదైనచో పైకి పోవుకొలది తగ్గవలెను. హెచ్చినదనగా పైనుండి వచ్చుచున్నదన్నమాట. 1925లో అమెరికా శాస్త్రజ్ఞుడు మిలికన్ దీనికి కాస్మిక్ కిరణములని పేరిడెను. ఇది వెలుగు జాతికి చెందినదని, అనగా మిక్కిలి చొచ్చుకొనిపోగల గామా కిరణములని ఆయన నమ్మకము. పేరు ఆ నమ్మకమునుబట్టి వచ్చినది. నమ్మకము కొద్ది యేండ్లలోనే వీగిపోయినది. పేరు మాత్రము నిలిచినది. తెలుగున మనము 'విశ్వకిరణములు' అంటిమి. ఉర్దూలో 'కాయనాతీ షుఆయేఁ' అనిరి. రెండును మిలికన్ పొరపాటునకు నమ్మకమైన అనువాదములే.

వాస్తవమున ఇవి కణములు. నూటికి సుమారు తొంబది ప్రోటానులు, అనగా ఉదజని పరమాణువు నడిమి గింజలు. తొమ్మిదిపది హీలియము గింజలు. మిగిలిన ఒకపాలు అంతకంటె బరువైన మూలకముల గింజలు. అన్నింటికిని ధనవిద్యుదావేశము కలదు. ఆవేశము గలది అయస్కాంత క్షేత్రమున వంగును. వెలుగు వంగదు. 'కిరణము' అన్నంతనే మన మనస్సునకు తోచునది సూటిగా దూసికొనిపోవు గీత. ఇక ముందు చెప్పబోవు సమస్తమును ఈ వంగుటమీదనే ఆధారపడినది. అందుచేత ఈ వ్యాసమునందు 'విశ్వకణములు' అను మాటనే వాడుచున్నాము. నిఘంటువులనుండి 'విశ్వకిరణము'ను తొలగింపుడని మా వాదము కాదు. వాడుకలో పాతుకొన్న మాటను పెరికివేయుట ఎవరి తరమును కాదు.

ఇక 'అల్పశక్తి' అనగా నెంత? విశ్వకణముల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులతో కొలుచుట పరిపాటి. నూరుకోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక ప్రోటాను నిశ్చలముగా నున్నపుడు దానియందు దాగిన శక్తికి దాదాపు సమానము. విశ్వకణములలో అధికభాగము కొన్ని కోట్లు మొదలు కొన్నివేల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల నడుమ నుండును. అరుదుగా దీనికి లక్షల రెట్లు, కోట్ల రెట్లు మించినవియు వచ్చును. నూరుకోట్లకు దిగువ నున్నవానిని అల్పశక్తి కణములని ఇచట వ్యవహరింతుము. మన లెక్కకవి అల్పములు కావు. అట్టి కణము కాంతివేగములో సగము మొదలు తొమ్మిదింట పదింట ఎనిమిదిపాళ్ల వరకు వేగముతో పరుగిడుచుండును.

సూర్యునిపై మచ్చలు సుమారు పదునొకండేండ్ల కొకసారి హెచ్చి తగ్గుచుండునని జర్మను దేశీయుడు ష్వాబె 1843లో చూపెను. ఆ హెచ్చుతగ్గులకును విశ్వకణములకును గల సంబంధమును స్థిరపరచినవాడు స్కాట్ ఫోర్బుష్. 1937 మొదలు 1952 వరకు పలుతావుల ఉంచిన కొలత పెట్టెల లెక్కలను ఓపికతో సరిచూచి, 1954లో ఆయన ప్రకటించిన విషయమిది: మచ్చలు హెచ్చిన యేడు విశ్వకణములు తగ్గును, మచ్చలు తగ్గిన యేడు అవి హెచ్చును. మా నల్లబల్ల వాక్యము ఇదియే. అయితే ఫోర్బుష్ నేలమీది పెట్టెలలో చూచిన తేడా కొద్దిపాళ్లు మాత్రమే. పెద్ద తేడా ఎచట నున్నదో బెలూనులు తెలిపినవి. ఉత్తరధ్రువ సమీపమున నెహర్ అను శాస్త్రజ్ఞుడు వరుసగా బెలూనులెగురవేసి, మచ్చలు మిక్కిలి తక్కువగా నున్న 1954లో అల్పశక్తి కణములు విరివిగా వచ్చుచున్నవని కనుగొనెను. మచ్చలు ముమ్మరించిన 1958 నాటికి అవి చాలమట్టుకు కానరాకపోయినవి.

ఎందుచేత? 1958లోనే యూజీన్ పార్కర్ దీనికి దారి చూపెను. సూర్యునినుండి విద్యుదావేశముగల పలుచని వాయువు ఎడతెగక నలుదెసలకు ప్రవహించుచున్నదని ఆయన సిద్ధాంతము. దీనినే సౌరపవనమందురు. ఇది సెకండునకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో వీచుచు, సూర్యుని అయస్కాంత క్షేత్రమును దారములవలె తనతో ఈడ్చుకొనిపోవును. ఆ దారములు తిన్ననివి కావు. ముడులు, మడతలు, చిక్కులు కలవి. విశ్వకణములు నక్షత్రముల నడిమి బయలునుండి లోపలికి రావలెనన్నచో ఈ ప్రవాహమున కెదురుగా రావలెను.

నిజామాబాదు ప్రాంతపు పాఠకులకు దీనిని తెలుపుటకు మాకు మత్తడికంటె మంచి ఉపమానము దొరకలేదు. వానాకాలమున చెరువు నిండి మత్తడి దుముకునపుడు దిగువ వాగులోని చేపలు ఎదురెక్కును. నీరు సన్నగా జారుచున్నపుడు చిన్నపరకలును ఎక్కివచ్చును. మత్తడి ఉరవడిగా దుముకునపుడు బలమైన చేపలు మాత్రమే పైకి రాగలవు, చిన్నవి కొట్టుకొనిపోవును. సూర్యుడు ప్రశాంతముగా నున్న యేండ్లలో చిక్కులు తక్కువ; అల్పశక్తి కణములును లోనికి చేరును. మచ్చలు హెచ్చిన యేండ్లలో సూర్యునినుండి వాయుమేఘములు తరచుగా విసరబడును, క్షేత్రము బలపడును, చిక్కులు హెచ్చును. అల్పశక్తి కణములు వెలుపలనే నిలిచిపోవును. అధికశక్తిగలవి చిక్కులను లెక్కసేయక దూసికొనివచ్చును.

ఈ ఉపమానమును ఇంతకంటె లాగరాదు. చేపకు ఎక్కవలెనను తపన కలదు, కణమునకు లేదు. అది చిక్కులలో తగిలి తగిలి, తాగినవాని నడకవలె ఎటుపడిన అటు తిరుగుచు, తిరుగుటలోనే కొంత లోపలికి వచ్చును. మరియొక భేదము ముఖ్యమైనది. సౌరపవనము సూర్యునినుండి దూరమైనకొలది వ్యాకోచించుచుండును. వ్యాకోచించు వాయువు చల్లబడునట్లే, దానిలో చిక్కిన కణములును శక్తిని కోల్పోవుచుండును. మన పూర్వులు ప్రయాణమునకు దారిబత్తెము కట్టుకొనెడివారు. విశ్వకణమునకును ఆ ఖర్చు తప్పదు. భూమి చెంత పదికోట్ల ఎలక్ట్రాన్ వోల్టులతో కనబడు ప్రోటాను, సౌరమండలపు గడప దాటునపుడు దానికి కొన్ని రెట్ల శక్తితో బయలుదేరినది. ప్రశాంత సంవత్సరములలో ఈ ఖర్చు తక్కువ. ఉద్రిక్త సంవత్సరములలో అది రెట్టింపునకు చేరును. గడపకు బయటనే అల్పశక్తి గల ప్రోటానులు మనవరకు దాదాపు రానేరావు.

అంకెలతో చెప్పవలెనన్నచో, భూమి చుట్టునున్న అంతరిక్షమున పదికోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల కణములు ప్రశాంత సంవత్సరమున నున్నదానిలో ఉద్రిక్త సంవత్సరమున ఐదవ వంతునకో, ఇంకను తక్కువకో పడిపోవును. నూరుకోట్ల వద్ద సుమారు సగమగును. వేయికోట్లకు పైబడినపుడు తేడా వందకు పదిపాళ్ల ప్రాంతమునకు వచ్చి, ఆపై ఇంకను క్షీణించును. కావున "విశ్వకిరణములు తగ్గును" అని ఏకవచనమువంటి బహువచనముతో చెప్పుట సరికాదు. ఏ కణములు తగ్గును, ఎంత శక్తిగలవి తగ్గును అని అడుగవలసియుండును. పల్లె పంతులుగారి 'ఎంత' అను ప్రశ్న మా వాక్యమునందలి ఈ లోపమునే తాకినది.

తగ్గుదల మచ్చలతోపాటు వెంటనే రాదు. కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదివరకు వెనుకబడును. సౌరపవనపు రాజ్యము అంత పెద్దది. దాని పొలిమేర సూర్యునికి సుమారు 120 రెట్ల భూసూర్యదూరమున, అనగా దాదాపు 1800 కోట్ల కిలోమీటర్ల దూరమున కలదు. నేడు సూర్యునియొద్ద లేచిన అలజడి అంతదూరము పోవుటకు ఏడాదికి పైగా పట్టును. నిజాంసాగరు తూములు మూసిన దినముననే కాలువ చివరి మడి ఎండదు గదా!

సూర్యుని చక్రము పదునొకండేండ్లదే యైనను, ప్రతి చక్రమున సూర్యుని ఉత్తరదక్షిణ అయస్కాంత ధ్రువములు తారుమారగును. పూర్వస్థితికి వచ్చుటకు ఇరువదిరెండేండ్లు పట్టును. విశ్వకణములు ఈ భేదమును గుర్తించును. ఒక అమరికలో ధనావేశ కణములు సూర్యుని ధ్రువములపై నుండి దిగివచ్చును. మరియొక అమరికలో సూర్యమధ్యరేఖ చుట్టు కుచ్చిళ్లవలె అలలుగా పరచుకొన్న విద్యుత్తెరను పట్టుకొని వచ్చును. మచ్చలు పెరిగినకొలది ఆ తెర మడతలు పెద్దవగును, దారి పొడవగును. అందుచేత 1965, 1987, 2009 ప్రాంతములలో విశ్వకణముల లెక్క మొనదేలిన కొండవలె లేచి పడినది. 1976, 1997 ప్రాంతములలో బల్లపరుపుగా కొన్నియేండ్లు నిలిచినది. మచ్చల లెక్క చూచినవానికి ఈ వంతులవారీ కనబడదు. 2009లో సూర్యుడు అసాధారణముగా నిద్రించెను. అప్పుడు అంతరిక్షయుగమునందు అంతకుముందు నమోదైన హెచ్చు లెక్కలకంటె సుమారు వందకు ఇరువదిపాళ్లు అధికముగా ఈ కణములు వచ్చినట్లు అమెరికావారి ఏస్ అను ఉపగ్రహము కొలిచినది.

సౌరపవనమునకు ఆవల ఈ కణములు నిజముగా ఎన్ని యున్నవో చాలకాలము ఊహయే. 2012 ఆగస్టు 25న వాయేజరు 1 ఆ పొలిమేర దాటినది. 2018 నవంబరు 5న వాయేజరు 2 దాటినది. అచట మానవుడు మొదటిసారిగా సూర్యుని జోక్యము లేని అల్పశక్తి కణములను లెక్కించెను. అవి భూమి చెంత నున్నవానికంటె పలురెట్లు అధికముగా నుండుటయే కాక, పొలిమేర దాటినపిదప పదునొకండేండ్ల పోటుపాటులు లేక నిలుకడగా నున్నవి. అనగా మార్పు నక్షత్రములది కాదు; మనకును వానికిని నడుమనున్న సూర్యునిది.

ఇంతవరకు చెప్పినది ఎరిగినచో మా తప్పు ఇంకను బయటపడదు. అది రెండవ అడ్డంకి వద్ద నున్నది. ఈ అడ్డంకి భూమిది. 1927లో డచ్చి శాస్త్రజ్ఞుడు క్లే జావానుండి ఓడలో స్వదేశమునకు పోవుచు తన పెట్టెలోని లెక్క భూమధ్యరేఖ దరి తక్కువగాను, దూరమున ఎక్కువగాను ఉన్నదని గమనించెను. వెలుగైనచో ఈ భేదమునకు కారణము లేదు. భూమి ఒక పెద్ద అయస్కాంతము. దాని బలరేఖలు ధ్రువములయొద్ద నిలువుగాను, మన తావున నేలకు దాదాపు సమాంతరముగాను ఉండును. ధ్రువముల దరి కణము రేఖల వెంబడి జారి దిగవచ్చును. మనయొద్ద దిగవలెనన్నచో రేఖలను అడ్డముగా కోసికొనిరావలెను. బలము చాలని కణము వంగి వెనుకకు మరలిపోవును.

కణము ఎంత సులభముగా వంగునో దాని ద్రవ్యవేగమును ఆవేశముతో భాగించి కొలుతురు. ఈ గుణమును మేము 'బిగి' అందుము. దీని ప్రమాణము వోల్టు. ప్రతి తావునకును ఒక కనీసపు బిగి కలదు. అంతకు తక్కువ బిగిగల కణము నిట్టనిలువున అచటికి దిగజాలదు. ధ్రువములవద్ద ఈ హద్దు దాదాపు సున్న. హైదరాబాదునకు అది సుమారు 1700 కోట్ల వోల్టులు. భూమి అయస్కాంతపు కేంద్రము భూకేంద్రమునుండి కొంచెము తొలగియుండుటచేత, మన దేశమును ఆగ్నేయాసియాయును ప్రపంచమునందెల్ల హెచ్చు హద్దుగల సీమలలో పడినవి. నిజామాబాదు హైదరాబాదునకు ఒకటింపావు డిగ్రీ ఉత్తరమున నున్నందున హద్దు ఇసుమంత తగ్గునుగాని, మన ప్రకృతవిషయమున కది లెక్కలోనిది కాదు. ప్రోటానునకు 1700 కోట్ల వోల్టుల బిగి యనగా సుమారు 1600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. పడమటి వాలునుండి వచ్చువానికి హద్దు కొంత తక్కువ, తూర్పు వాలునుండి వచ్చువానికి ఎక్కువ. ఎటు చూచినను వందల కోట్ల లెక్కయే కాని పదికోట్ల లెక్క కాదు.

కాబట్టి సూర్యచక్రముతో ఐదింతలుగా పెరిగి తగ్గు అల్పశక్తి కణములు బోధన్ ఆకాశమునకు ఏ యేడును రావు. మచ్చలున్న యేడు రావు. లేని యేడును రావు. రానివి తగ్గుట యెట్లు? చెరకుతోటలమీద కురియునవి హెచ్చుశక్తి కణములు గాలిని ఢీకొని పుట్టించిన రెండవతరము కణములు. వానిలో నేల చేరునవి ముఖ్యముగా మ్యూయానులు. నేలమట్టమున చదరపు సెంటీమీటరునకు నిమిషమునకు సుమారు ఒకటి చొప్పున ఇవి పడును. ఎకరము తోటకు నిమిషమునకు నాలుగుకోట్లన్నమాట. సూర్యుని చక్రమువలన వీని లెక్కలో వచ్చు భేదము మిక్కిలి స్వల్పము. ధ్రువప్రాంతములందలి న్యూట్రాను కొలమానములు ఒక చక్రములో వందకు ఇరువదిపాళ్ల వరకు మార్పు చూపుచుండగా, మన బిగి హద్దునకు సరిసమానమగు హద్దు గల థాయిలాండు దేశపు డోయి ఇంథనోన్ శిఖరముపై 2007 నుండి పనిచేయుచున్న కొలమానము కొద్దిపాళ్లే చూపును. మ్యూయానుల మార్పు అంతకును తక్కువ. "చాల తగ్గును" అను మా జవాబు ఫిన్లాండు పంతులుగారికి చెల్లును. బోధన్ పంతులుగారికి చెల్లదు.

మన శాస్త్రజ్ఞులకు ఈ సంగతి మొదటినుండియు తెలియును. మిలికన్, నెహర్, పికరింగు అనువారు 1939-40 శీతకాలమున పెషావరు, ఆగ్రా, బెంగుళూరులనుండి బెలూనులెగురవేసినది ఈ జల్లెడను పరీక్షించుటకే. విక్రమ్ సారాభాయి కేంబ్రిడ్జిలో 1947లో పొందిన డాక్టరేటునకు విషయము ఉష్ణమండల అక్షాంశములందలి విశ్వకిరణములు. ఈ అడ్డంకి ఒక వరముగా పరిణమించినదియు కలదు. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదున 1969లో స్థిరపరచిన బెలూను కేంద్రమునకు ఈ తావు అనుకూలించుటకు గల కారణములలో హెచ్చు బిగి హద్దు ఒకటి. అల్పశక్తి కణముల రొద లేని ఆకాశమున ఎక్స్ కిరణములను, గామా కిరణములను శోధించుట సుకరము. ఆ బెలూనులు మోసికొనిపోయిన పెట్టెలు చుట్టుప్రక్కల జిల్లాల పొలములలో దిగుచుండును. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్లలో అట్టిదొకటి దిగినపుడు గ్రహాంతరవాసుల వాహనమని జనులు గుమికూడిరి. తెలుగులో ఇట్టి వ్యాసములు పదేండ్ల ముందే విరివిగా వచ్చియుండిన ఆ కలవరము కొంత తగ్గియుండునేమో.

అల్పశక్తి కణములనే శోధింపగోరినవారు ఈ సీమను విడిచిపోవలసివచ్చినది. టాటా సంస్థకు చెందిన సుకుమార్ బిశ్వాస్ నాయకత్వమున నిర్మింపబడిన 'అనురాధ' అను పరికరము 1985 ఏప్రిలు చివర అమెరికా అంతరిక్షనౌకలో స్పేస్‌లాబ్ 3తో కూడ పైకి పోయినది. నక్షత్రము పేరు పెట్టుకొన్న ఈ పరికరము పరిశోధించినవి 1970ల ఆరంభమున బయటపడిన ఒక వింత జాతి అల్పశక్తి కణములు. వీనిలో ప్రాణవాయువు మిక్కుటము. ఉద్రిక్త సంవత్సరములలో నూరింట ఒకటికిని తక్కువకు పడిపోవునంత చంచలములు. మామూలు విశ్వకణము తన ఎలక్ట్రానుల నన్నింటిని పోగొట్టుకొనియుండగా, ఇవి ఒక్కదానిని మాత్రమే కోల్పోయినవని సిద్ధాంతము. ఆవేశము తక్కువైనచో అదే శక్తికి బిగి హెచ్చును. అట్టి కణము భూమి అయస్కాంతపు జల్లెడలో లోతుగా దూరగలదు. అనురాధ చేసినది అదియే: భూమిని జల్లెడగా వాడుకొని, ఎంతలోతు వచ్చినవో చూచి, ఆవేశమును తేల్చినది. ఆవేశము లేని పరమాణువులుగా సౌరమండలమున ప్రవేశించి, సూర్యునిచే ఒక ఎలక్ట్రాను పోగొట్టుకొని, పొలిమేరకు నెట్టబడి అచట బలము పొంది మరలివచ్చినవను కథనమునకు ఇది గట్టి ఆధారమైనది. మనకు అడ్డుగోడయైనదియే కొలమానముగా ఉపయోగపడుట మాకు మిక్కిలి నచ్చిన విషయము.

ఆ గోడయు ఎల్లప్పుడు ఒక్కతీరున నిలువదు. 2015 జూన్ 22న సూర్యునినుండి వచ్చిన వాయుమేఘమొకటి భూమిని తాకినపుడు, ఊటీలోని గ్రేప్స్-3 కేంద్రపు 560 చదరపు మీటర్ల మ్యూయాను దూరదర్శిని రెండుగంటలపాటు మ్యూయానుల పోటును నమోదుచేసినది. మేఘపు అయస్కాంతము భూమి అయస్కాంతమును కొంతసేపు బలహీనపరచుటచేత, హద్దునకు కొంచెము దిగువనున్న కణములు లోపలికి వచ్చినవని 2016లో ఆ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అప్పుడును వచ్చినవి వందలకోట్లు దాటినవే.

ఈ వివరమంతయు తెలిసికొన్నపిదప పంతులుగారికి "మీ పొలమునకు అల్పశక్తి కణములతో సంబంధమే లేదు" అని వ్రాయబోయి ఆగితిమి. అదియు తప్పగుచుండెను. సంబంధము కలదు, ఆకాశమునుండి కాదు, చెరకు ఆకులోనుండి.

విశ్వకణములు గాలిని ఢీకొన్నపుడు న్యూట్రానులు పుట్టును. న్యూట్రాను నత్రజనిని తాకినచో అది కార్బన్ 14గా మారును. ఈ కార్బను ప్రాణవాయువుతో కూడి బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. ధ్రువప్రాంతములలో జల్లెడ లేనందున కార్బన్ 14 అచటి ఆకాశమున మనయొద్ద కంటె కొన్ని రెట్లు అధికముగా పుట్టును. సూర్యచక్రముతో మారునదియు ప్రధానముగా అచటి పంటయే. గాలులు దానిని ఒకటిరెండేండ్లలో లోకమంతట కలుపును. మంజీరా నీరు త్రాగి పెరిగిన చెరకు, తన ఆకుతో పీల్చుకొను వాయువునందు ధ్రువాకాశమున పుట్టిన ఈ కార్బన్ 14 కలదు. బోధన్ శక్కర్‌నగరులో 1937లో నెలకొని, ఆసియాలో పెద్దదని పేరుమోసి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమునుండి బయటికి పోయిన ప్రతి బస్తాలోను ఇది ఉండినది. ఐదుగ్రాముల చక్కెరలో, అనగా ఒక చెంచాలో, నిమిషమునకు ఇరువదియెనిమిది వరకు కార్బన్ 14 పరమాణువులు విచ్ఛిన్నమగుచుండును. దీనికి జంకవలసినదేమియు లేదు; బియ్యమునందును, పాలయందును, మన దేహమునందును ఇదే పాడి.

అట్లయిన బోధన్ చక్కెరను యేటియేటికి పరీక్షించి సూర్యచక్రమును చూడవచ్చునా? ఆశ పుట్టించు ప్రశ్నయే. చెరకు ఒక్క యేటి పంట. అందులో ఆ యేటి గాలియే యుండును. అయితే కార్బన్ 14 ఉత్పత్తి ఒక చక్రమున వందకు ముప్పదిపాళ్ల వరకు మారినను, సముద్రములును అడవులును గాలిలో పాతనిల్వయు ఆ మార్పును మ్రింగివేయును. మిగులునది వేయింట కొద్దిపాళ్లు. అది నేర్పుగల ప్రయోగశాలలకు మాత్రమే అందును. పైగా 1950-60లలో జరిగిన అణ్వస్త్ర పరీక్షలు గాలిలోని కార్బన్ 14ను ఉత్తరార్ధగోళమున దాదాపు రెట్టింపు చేసినవి. 1964 ప్రాంతపు బోధన్ చక్కెరలో ఇది మునుపటికంటె ఒకటిన్నర రెట్లకు పైబడియుండవలెను. ఆ హోరులో సూర్యుని గుసగుస వినబడదు. దీర్ఘకాలపు మార్పు మాత్రము పూర్వకాలపు చెట్ల వలయములలో స్పష్టముగా చదువవచ్చును. 1645 మొదలు 1715 వరకు సూర్యునిపై మచ్చలు దాదాపు లేకపోయినవి. ఆ కాలపు వలయములలో కార్బన్ 14 వందకు ఒకటి రెండు పాళ్లు హెచ్చినది. గోలకొండ రాజ్యము పతనమైన 1687వ సంవత్సరము ఆ నడుమనే వచ్చును. ఆనాటి కొయ్య మన పాతకోటలలో, గుళ్లలో దూలములుగా నిలిచియున్నచో, దానియందును ఈ చిహ్నము తప్పక యుండును.

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. మచ్చలు, విశ్వకణములు, మేఘములు, వానలు అని వరుసగా గొలుసుకట్టి, చెరకు దిగుబడి హెచ్చుతగ్గులకు సూర్యచక్రమే కారణమని వాదించువారు మాకు తారసపడుచుందురు. విశ్వకణములు మేఘముల పుట్టుకకు తోడ్పడునని 1997లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు సూచించిరి. ఆపై జరిగిన ప్రయోగములలో ఆ ప్రభావము స్వల్పముగానే తేలినది. మన అక్షాంశమున ఆ కణముల మార్పే కొద్దిపాళ్లయినపుడు, దానిపై నిజామాబాదు వానల భారమును మోపుట మాకు సమంజసముగా తోచదు. చెరకు తగ్గుటకు నీరు, ధర, బకాయిలు, మూతపడిన మిల్లు అను కారణములు నేలమీదనే కనబడుచుండగా ఆకాశమును వెదకనేల?

ప్రస్తుత చక్రము విషయమున: 2024 అక్టోబరులో సూర్యుడు ఉద్రిక్తదశకు చేరినట్లు అమెరికా శాస్త్రసంస్థలు ప్రకటించినవి. 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన మన ఆదిత్య-ఎల్1 సరిగా ఈ దశయందు సౌరపవనమును, సూర్యునినుండియే వెలువడు అల్పశక్తి కణములను భూమి అయస్కాంతపు గోడకు వెలుపల నిలిచి కొలుచుచున్నది. ఈ ఉద్రిక్తదశలో సూర్యుని ధ్రువములు మరల తారుమారగుచున్నందున, 2030 ప్రాంతమున రావలసిన ప్రశాంతదశలో విశ్వకణముల లెక్క 1965, 1987, 2009లవలె మొనదేలి లేవవలెనని సిద్ధాంతము చెప్పుచున్నది. ఫిన్లాండునందలి ఔలు కేంద్రము 1964 నుండి ఎడతెగక లెక్కించుచు, ఆ అంకెలను అందరకు అందుబాటులో నుంచుచున్నది. నేడు ఆరవ తరగతి చదువు బోధన్ బాలుడు కళాశాలకు వచ్చునప్పటికి ఆ శిఖరము లేచినదో లేదో తానే చూచుకొనవచ్చును. ఆ అంకెలతోపాటు డోయి ఇంథనోన్ అంకెలను ఒకే కాగితముపై గీయుమని మేము పంతులుగారికి వ్రాసితిమి. నిజామాబాదు గీత రెండవదానివలె నుండును.